పేరు మాత్రం మామ ఫోనులో ఉంది

ఏడేళ్లు నేనొక బ్లాగు నడిపాను. ఆ ఏడేళ్లలో నన్ను పిలిచి, ఇది ఎట్లా నడుస్తోంది, దీని వెనుక ఎవరున్నారు, నీకేమైనా సాయం కావాలా అని అడిగిన మనిషి ఒక్కడూ లేడు. మూడు వారాల కిందట అది కనిపించకుండా పోయింది. అప్పటి నుంచి ఫోను మోగుతూనే ఉంది. ముద్దనూరు దగ్గరి రైతు ఒకాయన, మర్నాడే తన చేనికి బోరు బండి వస్తోందనీ, సరిగ్గా ఇప్పుడే సైటు తెరుచుకోకపోతే ఎట్లా అనీ నన్నే నిలదీశాడు. మైలవరం నుంచి ఇంకొకాయన, చేతకానప్పుడు మొదలుపెట్టడం ఎందుకన్నాడు. నడుస్తున్నన్నాళ్లు నేను ఎవరికీ గుర్తు లేను. ఆగిపోయాక గానీ నా నంబరు ఇంతమంది దగ్గర ఉందని నాకు తెలియలేదు.

అది ఎందుకు ఆగిందో కూర్చోబెట్టి అడిగినవాళ్లు ఇప్పటికీ లేరు. అడగకపోయినా చెబుతాను.

ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెబుతాను. పుట్టింది పులివెందుల వైపు పల్లెలో. అక్కడ మాకు నాలుగెకరాల మెట్ట ఉంది. ఒక ఎండాకాలం అందులో రెండు బోర్లు వేయించాం. రెండింట్లోనూ దుమ్మే లేచింది. నీళ్లు పడలేదని చెప్పడానికి మా వైపు అదే మాట. రెండోది పోయిన వారానికి తెలిసిందేమంటే, పక్క చేను వాళ్లు అదే వరుసలో, మా గట్టుకు ముప్పై అడుగుల దూరంలో, ఎప్పుడో వేయించి పోగొట్టుకున్నారని. రంధ్రం మీద బండ పెట్టి, బండ మీద మన్ను తోసి, ఆ మాట ఎక్కడా ఎత్తలేదు. పోయి అడిగితే ఆయన తాపీగా ఇచ్చిన జవాబు నేను మరిచిపోలేదు.

"నువ్వు అడిగింటే చెప్పిందును గదప్పా. అడగకుండా యాడ చెప్తారు?"

మా వైపు అలవాటే అది. నీళ్లు పడిన బోరు గురించి ఊరంతా చెప్పుకుంటారు. మోటారు వేసి, ఇన్ని ఇంచుల నీళ్లు అని దారిన పోయేవాణ్ని పిలిచి చూపిస్తారు. ఎండిన బోరు మీద మాత్రం బండ పెట్టి నోరు మూసుకుంటారు. ఎండితే తప్పు భూమిది కాదు, మనిషి అదృష్టానిది అని నమ్మకం. అందుకని సిగ్గు. ఒకడు సిగ్గుపడి దాచిన బండ పక్కనే, తెలియని ఇంకొకడు బోరు బండిని నిలబెడతాడు. ఆ బండలన్నీ ఎక్కడున్నాయో రాయాలనుకున్నాను.

వివరాలు దొరికింది ప్రొద్దుటూరులో మోటార్లకు వైండింగు చేసే భాయ్ దగ్గర. కువైట్‌లో చాలాకాలం ఏసీలు బాగుచేసి వచ్చి షాపు పెట్టుకున్నాడు. ఇటు జమ్మలమడుగు నుంచి అటు పులివెందుల దాకా కాలిపోయిన మోటార్లు ఆయన బల్ల మీదికి వస్తాయి. ఏ మోటారు ఎవరి బోరులోనిది, ఎన్ని అడుగుల లోతు, ఎందుకు పైకి తీశారు, అన్నీ ఆయనకు నోటికి వచ్చు. ఆదివారం పొద్దున పోయి కూర్చుంటే, రాగితీగ చుడుతూ ఆయన చెప్పేవాడు, నేను రాసుకునేవాణ్ని. తర్వాత బస్సెక్కి ఆ చేలకు పోయి, రైతుతో మాట్లాడి, చోటు ఫోనులో గుర్తు పెట్టుకుని, ఒక్కో బోరుకు ఒక్కో పేజీ రాసేవాణ్ని. ఎన్ని అడుగులు, రాయి ఎక్కడ తగిలింది, చెమ్మ ఎక్కడ కనిపించింది, ఇక్కడ వేస్తే నీళ్లు పడతాయని పాయింటు ఎవరు చూశారు, బండికి టెంకాయ ఎవరు కొట్టారు, ఎన్ని ఇంచులు పడింది, ఎన్నాళ్లకు ఎండింది. కింద ఆ ఇంటి మనుషుల గురించి నాలుగు మాటలు.

ఈ ఏడేళ్లకు ముందు, మొదట ఉచితంగా చోటిచ్చే ఒక సైటులో రాశాను. రెండేళ్లకు ఒక ఉదయం మొత్తం మాయమైంది. ఏదో నియమం అతిక్రమించానట. ఏ నియమమో చెప్పలేదు. పదిహేడు సార్లు రాశాను. పదిహేడు సార్లూ, మీ సందేశం మాకెంతో ముఖ్యం అన్న ఒకే జవాబు. ముఖ్యమైతే చదవాలి కదా. ఆ పదిహేడు జవాబులూ ఇప్పటికీ దాచిపెట్టాను. ఆ రోజే పట్టు పట్టాను, ఇకమీదట ఇంకొకరి అరుగు మీద కూర్చోకూడదని. నా బ్లాగు నా యంత్రంలో, నా చేతి కింద ఉండాలి.

నా యంత్రం అంటే ఇంట్లో ఉన్నది కాదు. యంత్రాలను అద్దెకిచ్చే కంపెనీ ముంబైలో ఎక్కడో పెట్టుకున్న గోడౌనులో ఒక చిన్న వాటా. క్లౌడ్ అని గొప్పగా చెప్పుకునేది దాన్నే. ప్రొద్దుటూరులో కూర్చుని దాంట్లో ఏం చేయాలో టైపు చేసి పంపడమే మన పని. తొలి ఏడాది అన్నీ చేత్తో చేశాను. ఏదో చెడిపోతే లోపలికి పోయి సరిచేసి బయటికి వచ్చేవాణ్ని. ఏం చేశానో రాసి పెట్టుకోలేదు. పరీక్షల డ్యూటీలో ఉండగా కంపెనీ వాళ్లు ఆ యంత్రాన్ని ఒకసారి ఆపి మళ్లీ వేశారు. నేను చేత్తో చేసిన మరమ్మతులు కొన్ని పోయాయి, బ్లాగు రెండు రోజులు పడుకుంది. ఎవరూ అడగలేదు. నాకే అవమానంగా అనిపించింది.

ఆ తర్వాత నేర్చుకున్న పద్ధతినంతా భాయ్‌కి ఒకసారి ఆయన భాషలోనే చెప్పాను. చేల దగ్గర మోటార్లకు ఆటో స్టార్టరు పెడతారు కదా. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు, మనిషి లేకపోయినా మోటారు దానంతట అదే లేస్తుంది. నా బ్లాగుకూ అట్లాంటివి పెట్టాను. యంత్రం ఆగి లేస్తే బ్లాగు కూడా లేస్తుంది. నేను కొత్త బోరు గురించి ఒక ఫైలు రాసి పంపగానే, ఒక స్క్రిప్టు, అంటే యంత్రం చేయాల్సిన పనులు వరుసగా నేను రాసిపెట్టిన ఫైలు, దాన్ని పరీక్షిస్తుంది. అడుగుల దగ్గర అంకె లేకపోయినా, చోటు గుర్తు తప్పినా ఒప్పుకోదు. అన్నీ సరిగా ఉంటే పేజీలు కట్టి సైటులో పెడుతుంది. పెట్టాక సైటు తెరుచుకోకపోతే, పాతదాన్నే తిరిగి నిలబెడుతుంది. అయిదు నిమిషాలకొకసారి బయటి నుంచి ఒక పహరా వచ్చి, ఉన్నావా అని తట్టిపోతుంది. జవాబు లేకపోతే నా ఫోను మోగుతుంది. మొత్తం యంత్రం ఎట్లా కట్టాలో కూడా మెట్టు మెట్టుగా ఒక ఫైలులో రాసిపెట్టాను. ఒక ఆదివారం కావాలనే ముంబై యంత్రాన్ని పూర్తిగా చెరిపేసి, ఆ ఫైలుతో కొత్తది కట్టించాను. కాఫీ చల్లారేలోపు బ్లాగు మళ్లీ వచ్చింది. నకళ్లు మూడు చోట్ల. ఒకటి వేరే కంపెనీలో, ఒకటి మా బీరువాలో, ఒకటి భాయ్ షాపులో రాగితీగ చుట్టల వెనుక.

ఏది చెడినా బాగుచేసుకునే దారి నాకుంది. పేరు తప్ప.

సైటుకు ఒక పేరుండాలి. ఫోనులో ఏం టైపు చేస్తే మన బ్లాగు వస్తుందో ఆ పేరు. ఆ పేర్లు అమ్మే కంపెనీ వేరే ఉంటుంది. ఏడాదికొకసారి దాన్ని పొడిగించుకోవాలి. ఆ పేరు ఎవరి ఈమెయిలు మీద నమోదైతే వాళ్లే దానికి యజమాని. దాన్ని నేను మా మామ ఈమెయిలు మీద నమోదు చేయించాను.

ఇంత చదివినవాడు అంత తెలివితక్కువ పని ఎట్లా చేశాడు అని ఈ సంగతి తెలిసిన సహోద్యోగులు నవ్వారు. నవ్వినవాళ్లెవరో నాకు గుర్తుంది. వాళ్ల ఇళ్లల్లో కొత్త మోటారుకు మొదటి స్విచ్ ఎవరిచేత వేయించారో అడగండి. మా వైపు చేతిగుణం అని ఒకటుంది. ఏదైనా మొదలుపెట్టేటప్పుడు మంచి చేతిగుణం ఉన్న మనిషితో చేయి వేయిస్తారు. మా అమ్మ తమ్ముడు, ఈ మామకే, మంచి చేయి అన్న మాట ఉంది. పులివెందులకు నాలుగు మైళ్ల దూరంలో ఆయనకు చీనీ తోట, మిగతా చోట్ల బత్తాయి అంటారే, అది. ఆ చుట్టుపక్కల ఎక్కడ బోరు బండి దిగినా ఆయన్ను జీపులో పిలుచుకుపోయేవాళ్లు. తెల్లపంచె కట్టుకుని వచ్చి, బండికి టెంకాయ కొట్టి, లివరు మీద ఒకసారి చేయి ఆనించి పక్కకు జరిగేవాడు. అన్నం తిని వచ్చేవాడు. అంతకు మించి ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. నన్ను బడిలో వేసిన రోజు పలక పట్టించింది కూడా ఆయన చేయే.

అందుకని ఉగాది మర్నాడు తోటకు పోయి, ఆయన ఫోనులోనే ఆ కంపెనీ పేజీ తెరిచి, ఆయన ఈమెయిలు ఇచ్చి, డబ్బు మాత్రం నా కార్డు మీద కట్టి, చివరి బొత్తం ఆయనచేత నొక్కించాను. కళ్లు మూసుకుని నొక్కాడు. అయిపోయిందా, ఇంతేనా, టెంకాయ వద్దా అన్నాడు. ఏటా ఉగాది దాటాక లోపలికి పోయి అంతా సరిగా ఉందో లేదో చూసుకునేవాణ్ని. పోవాలంటే ఆయన ఈమెయిలుకు ఒక ఆరంకెల కోడ్ వస్తుంది. నేను ఫోను చేస్తే, ఎన్ని పనుల్లో ఉన్నా, అద్దాలు తెప్పించుకుని ఒక్కో అంకె నిదానంగా చదివేవాడు. నేను తిరిగి చెప్పేదాకా పెట్టేవాడు కాదు. ఆ పేరును నా ఈమెయిలు మీదికి మార్చుకోవాలని నాకు తెలియక కాదు. చెడిపోయే అవకాశం ఉన్నవాటి జాబితా ఒకటి రాసి పెట్టుకున్నాను, అందులో ఇదీ ఉంది. కానీ మార్చుకుంటాను మామా అని అడగడం అంటే, వేసిన చేతిని తీసెయ్ అనడమే. ఆ మాట నాకు నోట రాలేదు.

చేసిన పనికి దక్కిన మర్యాద కూడా చెప్పుకోవాలి. ఒక విలేఖరి నా పేజీల్లోంచి ఎండిన బోర్ల జాబితా అక్షరం పొల్లుపోకుండా ఎత్తి తన పేరుతో అచ్చేసుకున్నాడు. మా పక్క చేను బండ దగ్గర నేను నిలబడి తీసిన ఫొటో కూడా వేశాడు, నా నీడ అందులో ఉంది. భూగర్భజలాల ఆఫీసులో ఒక ఇంజనీరు, నీ సమాచారం అనధికారికం, మేము చూడకూడదు అన్నాడు. ఆయన కింద పనిచేసే నలుగురి ఫోన్లలో నా సైటే తెరిచి ఉంది. భాయ్ ఒక్కడే మేలు. సైటు పేరుతో స్టిక్కర్లు అచ్చేయించి, షాపు నుంచి పోయే ప్రతి స్టార్టరు పెట్టె మీదా అంటించి పంపాడు. ఎన్ని పోయాయో ఆయనకే లెక్క లేదు.

గొడవ వచ్చింది ఒక పట్టీ వల్ల. రెండేళ్ల కిందట స్క్రిప్టుకు ఒక పని అదనంగా చెప్పాను. పేజీల్లో ఉన్న ప్రతి వివరం మీదా అదే ఒక పట్టీ తయారు చేయాలి. ఊరి వారీగా, లోతు వారీగా, పాయింటు చూసినవారి వారీగా, టెంకాయ కొట్టినవారి వారీగా. నేను ఎవరి పేరూ ఎంచి పెట్టలేదు. కొత్త బోరు రాసినప్పుడల్లా అది దానంతట అదే మారుతుంది. టెంకాయ కొట్టినవారి పట్టీలో మామ పేరు పైన ఉంది. ఎక్కువ బోర్లకు కొట్టింది ఆయనే కాబట్టి. పక్కన ఎన్నింట్లో నీళ్లు పడ్డాయి, ఎన్నింట్లో దుమ్ము లేచింది అని రెండు గళ్లు. దుమ్ము గడి బరువుగా ఉంది. కింది పేర్లకు కూడా అంతే. ఇంచుమించు అందరి చేతులూ ఒక్కటే. పట్టీ చివరిదాకా చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. చివరిదాకా చూసేది ఎవరు?

పోయిన శ్రావణంలో గండి ఆంజనేయస్వామి గుడి దగ్గర, శనివారం జనంలో, మామ తోటివాళ్లతో కూర్చుని ఉండగా ఎవడో ఫోను తీసి ఆ పట్టీ చదివాడట. నీ అల్లుడే రాసినాడు చూడు మామా, నీ చేతిగుణం అన్నాడట. అందరూ నవ్వారట. ఆ తర్వాత ఆ వైపు దిగిన బోరు బండ్లకు ఆయన్ను పిలవడం తగ్గింది. కొన్నాళ్లకు మానేశారు. ఇదంతా నాకు అప్పుడు తెలియదు. నాకు తెలిసిందల్లా ఏటా మా ఇంటికి వచ్చే చీనీకాయల గోతం ఈసారి రాలేదని. ప్రొద్దుటూరులోనే ఉన్న మిగతా బంధువుల రెండిళ్లకూ వచ్చింది. నా వాకిలి ముందు నుంచే పోయింది. ఎందుకని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఎనిమిది నెలలు అట్లాగే గడిచాయి.

ఈ ఉగాదికి ముందు బ్యాంకు వాళ్లు నా పాత కార్డు మార్చి కొత్తది ఇచ్చారు. పేరు పొడిగింపు దానంతట అది పాత కార్డు మీద జరగాల్సింది, జరగలేదు. కొత్త కార్డు చేర్చాలంటే లోపలికి పోవాలి. పోవాలంటే మామకు వచ్చే ఆరంకెలు కావాలి. ఫోను చేశాను. ఎత్తలేదు. మర్నాడూ ఎత్తలేదు. సందేశం పెట్టాను. చదివినట్టు నీలం గీతలు వచ్చాయి, జవాబు రాలేదు. పేర్లమ్మే కంపెనీకి రాశాను. డబ్బు నాది, యంత్రం నాది, రాసింది నేను, రుజువులు ఇవిగో అన్నాను. నమోదైన ఈమెయిలు నుంచి రాయండి అని జవాబు. మళ్లీ రాశాను, మళ్లీ అదే. పాత పదిహేడు పక్కన ఇవి కూడా దాచుకుంటున్నాను. గడువు దాటిన ఉదయం నా పహరా మోగింది. ముంబైలో యంత్రం చక్కగా నడుస్తోంది, చూసుకుంటే అన్నీ పచ్చదీపాలే. పేరు టైపు చేస్తే మాత్రం, ఈ పేరు అమ్మకానికి రావచ్చు అని ఎవరిదో ప్రకటన.

కొత్త పేరు కొనుక్కోమని మా ఆవిడ చెప్పింది. అందరూ చెప్పారు. అరగంట పని. కానీ ఆ స్టిక్కర్లు ఎన్ని చేలలో, ఎన్ని స్టార్టరు పెట్టెల మీద ఉన్నాయి? ఎండాకాలం బోర్లు దిగే రోజులివి. రైతు పెట్టె మూత మీది పేరు చూసి టైపు చేస్తాడు, ప్రకటన వస్తుంది, పెట్టె మూసేస్తాడు, బండ పక్కనే బండి దించుతాడు. గడువు దాటినా కొన్ని వారాలు పాత యజమానికే అవకాశం ఉంటుంది. ఆ తర్వాత దాన్ని ఎవరైనా కొనుక్కోవచ్చు. పాయింటు చూసేవాడెవడైనా కొనుక్కుని వాడి ఫొటో పెట్టుకుంటే, ఆ పెట్టెలన్నీ వాడి దుకాణం బోర్డులవుతాయి.

గండి సంగతి అప్పుడే భాయ్ నోట విన్నాను. ఆయనకు మొదటి నుంచి తెలుసు. నాతో ఎందుకనలేదు అంటే, మీ మామా అల్లుళ్ల నడుమ నాకేల సారూ అన్నాడు. ఇంటికి వచ్చి ఆ పట్టీ కింద నాలుగు వాక్యాలు రాశాను. పట్టీ తీయలేదు, అందులో అబద్ధం లేదు కాబట్టి. ఇందులో ఉన్న ఏ చేతికీ నీళ్లు తెచ్చే గుణం గానీ, పోగొట్టే గుణం గానీ లేదని, అందరి లెక్కా ఒకటేనని, దీన్ని చూపి ఎవరినైనా ఎగతాళి చేసేవాడు చదవడం రానివాడని రాశాను. మా ఆవిడకు చూపించాను. చదివి నా ముఖంలోకి చూసింది.

"ఆయప్ప చేతిలో గుణమే లేదని రాసి, ఇది ఆయప్పకు సమాధానం అంటాండావా?"

నిజమే రాశానన్నాను. నిజం రాయొద్దని ఎవరన్నారు, ఆయన చేతి గురించి నీకు తెలిసిన నిజం ఇదొక్కటేనా అంది. చాలాసేపు కూర్చుని ఇంకొక వాక్యం చేర్చాను. ఈ బ్లాగుకు మొదటి బొత్తం నొక్కింది మా మామ చేయి అని, ఏడేళ్లు ఇది నడిచిందని. పంపాను. స్క్రిప్టు పరీక్షించింది, పేజీ కట్టింది, సైటులో పెట్టింది. ఎక్కడా తప్పు లేదు. పేరు లేదు కాబట్టి చదవగలిగినవాడూ లేడు.

పోయిన ఆదివారం బయలుదేరాను. జమ్మలమడుగు పోయి, ముద్దనూరు మీదుగా పులివెందుల బస్సు పట్టుకున్నాను. తోటకు పోయేసరికి మామ పంపుషెడ్డు నీడలో డ్రిప్పు పైపులు కడుగుతున్నాడు. రా అన్నాడు. మజ్జిగ ఇప్పించాడు. కాలేజీ గురించి అడిగాడు, మా ఆవిడ మోకాలి నొప్పి గురించి అడిగాడు, ఈసారి చీనీకి పట్టిన తెగులు గురించి గంటసేపు చెప్పాడు. ఆ ఒక్క మాట తప్ప లోకంలో ఉన్న మాటలన్నీ మాట్లాడాడు. ఇక ఉండలేక నేనే ఎత్తాను.

"మామా, ఆ పట్టీ కింద నాలుగు మాటలు రాసినా. ఒకసారి చదువు."

"యాడ రాసినావు?"

"సైట్లోనే."

"సైటు వస్తాందా?"

"నువ్వు కోడ్ చెప్తే వస్తాది."

ఆయన పైపు విదిలించి నీళ్లు పోగొట్టాడు. పేరు లేకపోయినా ముంబై యంత్రానికి ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరు నా ఫోనులో టైపు చేసి ఆయనకు ఇచ్చాను. తెర నిండా ఎర్రగా హెచ్చరిక వచ్చింది. ఆయన ఫోను చేతి దూరంలో పట్టుకుని, కోడ్ చదివినట్టే ఒక్కో అక్షరం చదివాడు. ఇది సురక్షితం కాదు, మిమ్మల్ని మోసం చేయడానికి ఎవరైనా ప్రయత్నిస్తుండవచ్చు.

"నీ ఫోనే చెప్తాంది గదరా అల్లుడా, నిన్ను నమ్మొద్దని. ఇంక నేనేం చెప్పేది?"

అట్లా కాదు మామా అని విడమరిచాను. సైటు నిజమైనదేనని చెప్పే ధ్రువపత్రం ఒకటుంటుంది, అది పేరు మీద ఇస్తారు, పేరు వదిలేసి నంబరుతో పోతే ఫోను అనుమానిస్తుంది, అంతే అన్నాను. ఆయన తల ఊపాడు.

"అంటే ఆ పేరు లేకుంటే నీ ఫోను గూడా నిన్ను నమ్మదు."

నేను హెచ్చరిక దాటించి పేజీ తెరిచాను. పట్టీ కింద నా వాక్యాలు ఉన్నాయి. ఆయన ఫోను నా ఒళ్లో పెట్టేశాడు.

"దొడ్డిదారిన నేను చూడను. గండిలో పదిమందిలో చూపిచ్చినారు. పదిమందికి కనపడేతట్ల పెట్టు, అప్పుడు చదువుతా."

"పదిమందికి కనపడాలంటే నువ్వు కోడ్ చెప్పాల మామా."

"పట్టీలో నా పేరు పెట్టేటప్పుడు నన్ను అడిగినావా నువ్వు?"

పట్టీ నేను పెట్టలేదు, స్క్రిప్టు పెట్టింది అన్నాను. ఆ మాట అంటున్నప్పుడే అది మాట కాదని తెలిసింది. స్క్రిప్టు రాసింది నేను. ఆయన లేచి పైపులు భుజాన వేసుకుని సాళ్లలోకి పోయాడు. పట్టీ తీసెయ్ అనలేదు. తీసేస్తే కోడ్ ఇస్తానని కూడా అనలేదు. అని ఉంటే తీయనని చెప్పేవాణ్ని, వాదించుకునేవాళ్లం, ఏదో ఒకటి తేలేది. బస్సు వేళ దాకా షెడ్డులో కూర్చున్నాను. రాలేదు. ఎవరో జీతగాడు డజను చీనీకాయలు తెచ్చి, మీ ఇంట్లో ఇయ్యమన్నాడు అన్నాడు. మా ఇంట్లో అంటే మా ఆవిడకు. నాకు కాదు. అది నాకు అర్థమైంది, గుర్తు కూడా పెట్టుకున్నాను.

వచ్చాక నాలుగు సందేశాలు పెట్టాను. నాలుగింటికీ నీలం గీతలు. కంపెనీ లెక్కప్రకారం ఇది అచ్చయ్యే నాటికి ఇంకా పదకొండు రోజులు ఉంటాయి. ముంబైలో నా యంత్రం రోజూ పేజీలు సిద్ధం చేసుకుని కూర్చుంటోంది. భాయ్ చెప్పిన కొత్త బోర్లు మూడు రాసి పంపాను. అవి కూడా పోయి దాంట్లో కూర్చున్నాయి.

ఈ పత్రిక మామ చదువుతాడు. అద్దాలు తెప్పించుకుని, ప్రకటనలతో సహా చదువుతాడు. ఇందులో దొడ్డిదారి ఏమీ లేదు, పదిమందికీ కనపడుతుంది. అందుకని ఇక్కడే అంటున్నాను. మామా, పట్టీ తీయను. అది నీ ఒక్కడి గురించి కాదు, అందరి బండల గురించి. కానీ నీ పేరు పెట్టేటప్పుడు నిన్ను అడగలేదు. అది నా తప్పు. ఇప్పుడు అడుగుతున్నాను, రెండు అడుగుతున్నాను. నీ పేరు ఆ పట్టీలో ఉండవచ్చా? ఆ ఆరంకెలు నాకు చెబుతావా? రెంటికీ కాదని చెప్పే హక్కు నీకుంది. కాదంటే నీ పేరు ఉన్న చోట గడి ఖాళీగా పెడతాను, స్టిక్కర్ల మీద కొత్త పేరు అంటించడానికి చేను చేనుకూ నేనే తిరుగుతాను. కానీ చదివి ఊరుకోవడానికి నేను కంపెనీ వాళ్లకు రాసిన అర్జీని కాదు, నీ అక్క కొడుకును. పదకొండు రోజుల్లోపు ఫోను ఎత్తి, అవునో కాదో నీ నోటితో చెప్పు.